ఉదయగిరి నుంచి నీల్ దీవికి

ఉదయగిరి నుంచి అండమాన్‌కి వెళ్లాలంటే ఆత్మకూరు మీదుగా నెల్లూరుకు బస్సు, అక్కడి నుంచి చెన్నైకి రైలు, ఆపైన 2 గంటలకు పైగా విమానం. ఇంత దూరం పోతున్నాం కదా అని 5 రోజుల్లో అన్నీ చుట్టేయాలనిపిస్తుంది. మా ప్లాన్‌లో మాత్రం నీల్ ఒక్కటే.

మా ఇంట్లో ప్రయాణమంటే పెళ్లి, లేకపోతే తిరుపతి. ‘ఊరికే కూర్చోడానికి అంత దూరమెందుకు అబ్బయా?’ అంటాడు నాయన. ఇంటి దగ్గరుంటే ఆయనా అమ్మా ఒక్కపూట కూడా ఊరికే కూర్చోరు. అందుకే!

2018లో నీల్ పేరు షహీద్ ద్వీప్‌గా మారింది. చిన్న దీవి. బీచ్‌ల పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. అమ్మకి ఇట్టే గుర్తుంటాయి. పొద్దున సీతాపూర్‌లో సూర్యోదయం, సాయంత్రం లక్ష్మణ్‌పూర్‌లో సూర్యాస్తమయం. మధ్యలో ఏమీ పెట్టుకోలేదు.

మీరూ వెళ్తుంటే రెండు విషయాలు. అక్కడా మన టైమే, కానీ సాయంత్రం 5, 5:30కే పొద్దు గూకుతుంది. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఫెర్రీలు ఆగిపోతాయి. అందుకని తిరుగు విమానం ముందురోజే పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) చేరిపోండి. ఆ ఒక్క రోజు చేతిలో ఉంటేనే మిగతా రోజులు నిశ్చింతగా గడుస్తాయి.