ఏనుగు మల్లమ్మ కొండ మీద పసుపు గొంతు పిట్ట

వేసవి వచ్చిందంటే రాయలసీమలో బండలు పెనంలాగా కాలుతాయి. ఆ సీమలోనే, మే నెలలో కూడా తెల్లవారుజామున దుప్పటి కప్పుకొని పడుకునే చోటు ఒకటి ఉన్నదంటే మీరు నమ్ముతారా? అదే హార్స్‌లీ కొండ. తిరుపతి నుంచి పడమరగా పీలేరు మీదుగా మదనపల్లెకు పోయి, అక్కడి నుంచి మరి 30 కిలోమీటర్లు వెళితే ఈ కొండ చేరవచ్చును. చివరి భాగమంతా ఘాట్ రోడ్డు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా కింద పొలాలూ, చెరువులూ చిన్నవవుతూ, చివరకు గచ్చు మీద గీసిన ముగ్గులాగా కనిపిస్తాయి.

ఎండ అందరి మీదా ఒకే విధంగా కాస్తుంది గదా, కొండ మీద మాత్రం చల్లగా ఎందుకుంటుంది? సూర్యుడి వేడి ముందు నేలను కాలుస్తుంది. ఆ నేలను తాకిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది. పైకి పోయినకొద్దీ గాలి పలచబడి, విస్తరించి, చల్లబడుతుంది. ఈ విధంగా వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. హార్స్‌లీ కొండ సముద్ర మట్టానికి 1,200 మీటర్లకు పైగా, అంటే 4 వేల అడుగులకు మించి ఎత్తున ఉన్నది. అందుకే అక్కడ అంత హాయి!

ఈ కొండకు పేరు పెట్టినది దొరల కాలంలో. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉండిన హార్స్‌లీ అనే దొర వేసవిలో ఉండటానికి ఇక్కడ బంగళా కట్టుకున్నాడు. మదనపల్లె ఆ రోజులలో కడప జిల్లాలోనే ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది. 2022లో మళ్ళీ జిల్లాలు మారి, అన్నమయ్య జిల్లాలో చేరింది. జిల్లాలు మారినా కొండ మాత్రం కదలలేదు!

అయితే దొర రాక ముందు కొండకు పేరు లేదా? లేకేం! ఏనుగు మల్లమ్మ కొండ అని ఉన్నది. మల్లమ్మ అనే చిన్నపిల్ల ఈ కొండ మీద ఉండేదట. ఆమెను ఏనుగులు పెంచి, కాపాడాయట. కొండ మీది వాళ్ళకు జబ్బు చేస్తే ఆమె నయం చేసేదట. ఒకనాడు ఆమె ఎవరికీ చెప్పకుండా మాయమైపోయింది. అప్పటి నుంచి జనం ఆమెను దేవతగా కొలుస్తున్నారని అక్కడివాళ్ళు చెప్పుతారు.

కథ అట్లా ఉంచి, చిత్తూరు సీమలో ఏనుగులున్నాయా అని మీరు అడగవచ్చును. ఎన్నో తరాలపాటు ఈ ప్రాంతంలో అడవి ఏనుగు అన్నది లేదు. 1980లలో, దక్షిణాన హోసూరు, ధర్మపురి అడవుల నుంచి ఏనుగుల మందలు తమంతట తామే నడిచి కుప్పం, పలమనేరు వైపు వచ్చాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఇప్పుడు ఏనుగుల మూలంగా రైతులకు పంట నష్టం, రైతుల మూలంగా ఏనుగులకు ప్రాణభయం! పోయిన జంతువు తిరిగి రావటం సంతోషమే గాని, మధ్యలో మనం దాని దారిలో ఊళ్ళూ, పొలాలూ చేసుకున్నాం. ఇది తేలికగా తెగే చిక్కు కాదు.

హార్స్‌లీ కొండ ఎక్కినవారికి మొట్టమొదట ఎదురు వచ్చేవి కోతులు. నడినెత్తిన వెంట్రుకలు పాపిడి తీసి టోపీ పెట్టినట్టు ఉండే ఈ కోతి జాతి దక్షిణ భారతదేశంలో తప్ప మరెక్కడా లేదు. దాని బుగ్గలను గమనించండి. అవి రెండు సంచులు! ఆదరాబాదరాగా తిండి అందులో కుక్కుకొని, తరవాత చెట్టెక్కి తీరికగా నమిలి మింగుతుంది. మా అన్నగారి పిల్లలిద్దరూ నా వెంట వచ్చారు. చిన్నవాడు బిస్కత్తు పొట్లం తీయబోతే పెద్దమ్మాయి చెయ్యి పట్టుకొని ఆపింది. ఆ పిల్ల చేసినది మంచి పని. మనిషి చేతి తిండి మరిగిన కోతి అడవిలో పండూ, ఆకూ వెతుక్కోవటం మానేస్తుంది. ఇవ్వకపోతే మీదపడి లాక్కుంటుంది. అప్పుడు జనం "పాడు కోతి" అని రాళ్ళు రువ్వుతారు. తప్పు ఎవరిదో మీరే చెప్పండి!

కొండ మీద యాత్రికులు చూసే వింతలలో పెద్ద పెద్ద యూకలిప్టస్ చెట్లు ఒకటి. అందులో ఒక మహావృక్షానికి "కల్యాణి" అని ముద్దు పేరు కూడా ఉన్నది. దానిని 1859లో నాటారని చెప్పుతారు. ఈ జాతి చెట్ల స్వదేశం ఆస్ట్రేలియా. వాటి తెల్లని మానులూ, ఆకుల ఘాటైన వాసనా ఎంతో బాగుంటాయి. కాని మేము రెండు రోజులు పొద్దున్నే ఆ చెట్ల కింద తిరిగినా, మేము వెతికే పిట్ట జాడ తెలియలేదు.

ఆ పిట్ట పేరు పసుపు గొంతు పిగిలిపిట్ట. మామూలు పిగిలిపిట్టను మీరందరూ ఎరుగుదురు. తల నల్లగా, తోక కింద ఎర్రగా, ప్రతి పెరట్లోనూ కనిపిస్తుంది. ఈ పసుపు గొంతుది దానికి దాయాది. తల మీద నలుపు లేదు, జుట్టు లేదు. వీపు బూడిద రంగు. గొంతు మాత్రం పసుపు పూసినట్టు ఉంటుంది. మన దక్షిణ దేశపు రాతికొండలలో తప్ప ప్రపంచంలో ఇది మరెక్కడా లేదు. 1845లో జెర్డన్ అనే ఆయన దీనిని గురించి మొదటిసారి శాస్త్ర గ్రంథంలో రాశాడు. ఆయన మద్రాసు సైన్యంలో వైద్యుడు. జబ్బులకు మందులిస్తూనే పక్షులనూ, పాములనూ, చీమలనూ పరిశీలించిన మహానుభావుడు.

మూడవనాడు టీ అంగడిలో ఒక తాతను పిల్లలు అడిగారు.

"తాతా! ఇక్కడ పసుపు గొంతు పిట్ట ఎక్కడుంటుంది?"

తాత నవ్వి అన్నాడు: "మీరు తిరగతా ఉండేది దొరలు నాటిన తోటలో నాయనా. కొండ సొంత బిడ్డలు ఆడ ఎందుకుంటాయి? గాలిబండ పక్క దిగువగా బండల్లో ముళ్ళపొదలుండాయి చూడండి, ఆడికి పోయి ఊరికే కూర్చోండి. మాట్లాడబాకండి. అదే వస్తాది."

గాలిబండ అంటే కొండ అంచున ఉన్న పెద్ద బండ. అక్కడ ఎప్పుడూ గాలి హోరుమని వీస్తుంది. తాత చెప్పినట్టే, అంచుకు దూరంగా, పొదల ఎదురుగా ఒక చదును రాతి మీద కూర్చున్నాము. అది చూడటానికి ఏమీ బాగుండదు. బోడి బండలూ, పగుళ్ళలో మొలిచిన జువ్వి మొక్కలూ, కలివి పొదలూ, ఎండు గడ్డీ!

పావుగంట గడిచింది. ముందుగా వచ్చినది పిట్ట కాదు, తొండ! బండ మీదికి ఎక్కి, దండెం తీసే వస్తాదులాగా తల ఎత్తుతూ దించుతూ నిలబడింది. ఇది రాతి తొండ. మగదాని రంగులు చూసి తీరవలసిందే. మరొక మగ తొండ ఎదిరిస్తే వీపు పసుపుగా, పక్కలు నారింజగా మారతాయి. ఆడ తొండ ఎదురైతే వీపు ఎర్రబడి, పక్కలు నల్లబడతాయి. అదీ కొద్ది నిమిషాలలోనే! మాట రాని ప్రాణి రంగులతో మాట్లాడుతుందన్నమాట. ఈ కొండకు దగ్గరలోనే ఉన్న రిషి వ్యాలీలో శాస్త్రజ్ఞులు ఈ తొండలను పట్టుదలగా పరిశోధించారు.

"చిన్నాన్నా, అదుగో!" అని చిన్నవాడు చెవిలో గుసగుసలాడాడు. జువ్వి కొమ్మ కదిలింది. జానెడు పొడుగు పిట్ట ఒకటి ఆకుల చాటు నుంచి బయటికి వచ్చి, పండు ఒకటి తుంచుకొని, తల పైకెత్తి మింగింది. ఆ క్షణంలో గొంతు తళుక్కుమని పసుపుపచ్చగా మెరిసింది! మరొక పండు, మరొకటి. అంతలో గాలి విసురు వచ్చింది. పిట్ట బండల మీదుగా దిగువకు జారి మాయమయింది. చూసినది మహా అయితే అర నిమిషం. పిల్లలిద్దరూ చాలాసేపు మాట్లాడలేదు.

ఈ పిట్ట యూకలిప్టస్ చెట్లలో ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది గదా! ఆ చెట్టు కాయ ఎండిపోయిన గుండీలాగా గట్టిగా ఉంటుంది. రసముండే పండు కాదు. పూసినప్పుడు తేనెటీగలకు విందే గాని, పండ్లు తినే పిట్టకు అందులో ఏమున్నది? జువ్వి, కలివి, పరికి వంటి మన పొదలూ చెట్లే దానికి అన్నపూర్ణలు. పిట్ట కూడా ఆ ఋణం ఉంచుకోదు. పండు అరిగి, గింజ రెట్టతో పాటు మరొక బండ పగులులో పడుతుంది. వాన పడగానే మొలుస్తుంది. మనిషి గునపం దిగని చోట చెట్టు నాటేది ఈ పిట్టలే. దొర నాటిన చెట్టుకు పేరు పెట్టాం. పిట్ట నాటిన చెట్లను లెక్క పెట్టినవారే లేరు!

ఇటువంటి చోటును మనం "పనికిరాని బీడు" అంటాము. బోడికొండ గదా అని రాయి కోసం పగలగొడతాము. ముళ్ళపొదలు గదా అని నిప్పు పెడతాము. చల్లని అడవిని నరికితే అయ్యో అనేవారుంటారు గాని, ముళ్ళపొదకు అయ్యో అనేవారు తక్కువ. అందుకే పసుపు గొంతు పిగిలిపిట్ట నేడు అపాయంలో ఉన్న పక్షుల పట్టికలో చేరింది.

బీడులో ఎంత సంపద ఉంటుందో తెలియటానికి కడప జిల్లా కలివికోడి కథ చాలు. అది ముళ్ళపొదల మధ్య రాత్రివేళ తిరిగే పక్షి. దానికి కూడా ఆ జెర్డన్ పేరే పెట్టారు. 1900 తరవాత ఎవరికీ కనిపించకపోయేసరికి, ఇక ఆ జాతి నశించిందని పుస్తకాలలో రాసుకున్నారు. 1986లో, పక్షులు పట్టటంలో ఆరితేరిన పల్లెటూరి మనిషి ఒకడు దానిని పట్టి చూపించాడు. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది! ఎనభై ఏళ్ళకు పైగా అది మన ముళ్ళపొదల్లోనే దాగి ఉన్నది. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది.

పాడైన నేలను మళ్ళీ బాగు చేయవచ్చునా? చేయవచ్చును. జిడ్డు కృష్ణమూర్తిగారు మదనపల్లెలో 1895లో పుట్టారు. ఆయన స్థాపించిన రిషి వ్యాలీ బడి ఉన్న లోయ ఒకప్పుడు ఎండి మోడువారిన నేల. బడివారు ఏళ్ళ తరబడి చెట్లు నాటి, చుట్టూ ఉన్న కొండలను మేపు నుంచీ, మంట నుంచీ కాపాడారు. నేడు అక్కడ రెండు వందల రకాలకు పైగా పక్షులు కనిపిస్తాయి.

మీరు కొండకు వెళ్ళినప్పుడు పిట్టలను చూడాలంటే ఖరీదైన సామాను అక్కరలేదు. తెల్లవారగానే లేవాలి. మెరిసే బట్టలు వేసుకోకూడదు. నడవటం తక్కువ, కూర్చోవటం ఎక్కువ. పాటల పెట్టె ఇంటి దగ్గరే వదలాలి. గూడు కనిపిస్తే ఫోటో కోసమైనా దగ్గరకు పోరాదు. తెచ్చిన పొట్లాల కాగితాలూ, ప్లాస్టిక్కూ తిరిగి మీ సంచిలోనే తీసుకుపోవాలి. ఆ అడవులలో ఎలుగుబంటీ, చిరుతా ఉంటాయి గనుక చీకటివేళ ఒంటరిగా తిరగరాదు, పెద్దలు లేకుండా బండల అంచుకు పోరాదు.

ఇంత దూరం పోలేనివారు విచారించవద్దు. రాయలసీమలో ఊరికొక బోడికొండ ఉన్నది. ఆదివారం పొద్దున్నే అమ్మనో, నాన్ననో వెంటబెట్టుకొని వెళ్ళి, ఒక పొద ఎదుట అరగంట కదలకుండా కూర్చోండి. అక్కడ ఏ పిట్ట ఏ పండు తిన్నదో, ఏ తొండ ఏ రంగు వేసుకున్నదో నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. ఏడాది తిరిగేసరికి, మీ ఊరి బోడికొండ నిజంగా బోడిది కాదని ఆ పుస్తకమే మీకు చెప్పుతుంది. రేపు ఎవరైనా "ఆ బీడులో ఏమున్నది, తవ్వేద్దాం" అంటే, అక్కడ ఎవరు కాపురం ఉంటున్నారో పేరు పేరునా చెప్పగలిగేవాళ్ళు మీరే అవుతారు.