తాగకుండా తూలిన రాత్రి

మా ఆయన మందు మానేసిన ఇరవై ఆరో రోజు రాత్రి, పెరట్లోంచి ఇంట్లోకి వస్తూ గుమ్మం దగ్గర తూలారు. గోడ పట్టుకుని నిలబడి, కాళ్లు ఎడంగా వేస్తూ, తడుముకుంటూ నడిచారు. పద్నాలుగేళ్లు నేను చూసిన నడకే అది.

"మళ్లీ తాగొచ్చారు కదూ" అన్నాను.

"లేదే, పిల్లల మీద ఒట్టు" అన్నారు.

దగ్గరికెళ్లి నోరు వాసన చూశాను. ఏ వాసనా రాలేదు. అయినా నమ్మలేదు. వరండాలో పడుకోమని తలుపేసుకున్నాను.

ఆయన చెప్పింది నిజం. ఆ తూలడానికి కారణం నా వంటింట్లో ఉంది.

మాన్పించడం మేం సరిగ్గానే మొదలుపెట్టాం. రోజుకు రెండు క్వార్టర్లు తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చని, మతి తప్పవచ్చని చెబితే, ఆస్పత్రిలో ఉంచి డాక్టర్ల కళ్లముందే మాన్పించాం. పది రోజులకు ఇంటికొచ్చారు. కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. మాది తెనాలి పక్క పల్లె. పచ్చకామెర్లంటే మా వైపు పథ్యమే. నూనె తగలకూడదు, పప్పు వద్దు, గుడ్డు ఊసే ఎత్తకూడదు. "బాగా పెట్టమ్మా" అని డాక్టరు చెప్పిన మాట నా చెవికెక్కలేదు. అత్తయ్యగారు, పక్కింటి పిన్నిగారు, నేను ఒక్క మాట మీద నిలబడ్డాం. మూడు పూటలా తెల్లటి సన్నబియ్యం అన్నం, పల్చటి మజ్జిగ. నీరసమంటే గ్లాసుడు గ్లూకోజ్ నీళ్లు. రాత్రి ఏడింటికి పెట్టేసి పొయ్యి కట్టేస్తే, మళ్లీ పొద్దున ఎనిమిదింటికే తిండి.

డిశ్చార్జి చీటీలో థయామిన్ మాత్రలు, బీ కాంప్లెక్స్ మాత్రలు రాశారు. బీ కాంప్లెక్స్ వేసుకోగానే మూత్రం పసుపు కలిపిన నీళ్లలా వచ్చింది. కామెర్లు ముదిరాయని హడలిపోయాను. బలం మాత్రలు వేడి చేస్తాయని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. రెండూ ఆపేశాను. ఆ రంగు బీ2 విటమిన్‌ది. ఒంటికి ఎక్కువైంది అలా బయటికి పోతుంది, కామెర్లకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఒక్క ఫోన్ చేసి అడిగితే తెలిసేది. అడగలేదు. మిగతావన్నీ తెలియక చేశానని సర్దుకోగలను గానీ, అడగకపోవడానికి నాకు ఏ సాకూ దొరకదు.

వరండాలో పడుకున్న ఆ రాత్రి తెల్లారేసరికి, నేను ఇద్దరుగా కనిపిస్తున్నానన్నారు. కనుగుడ్లు నిలకడ లేకుండా కొట్టుకుంటున్నాయి. ఏ వారమో చెప్పలేకపోయారు. కారు మాట్లాడుకుని గుంటూరు తీసుకెళ్లాం. అక్కడ ముందు థయామిన్ నరానికి ఎక్కించి, ఆ తర్వాతే గ్లూకోజ్ సెలైన్ పెట్టించారు. ఆ వరస ఎందుకో డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. థయామిన్ అంటే బీ1 విటమిన్. గ్లూకోజ్ మెదడుకు శక్తిగా మారాలంటే అది ఉండాలి. మన ఒంట్లో దాని నిల్వ మొత్తం కలిపి 30 మిల్లీగ్రాములు కూడా దాటదు. లోపలికి వెళ్లకపోతే రెండు మూడు వారాల్లో అయిపోతుంది. తాగేవాళ్ల పేగు దాన్ని సరిగ్గా పీల్చుకోదు కాబట్టి వాళ్లకు ముందే కొరత. ఇక నేను పోసిన ప్రతి గ్లాసు గ్లూకోజ్ నీళ్లూ ఆ మిగిలిన కాస్తనూ ఖర్చు పెట్టించాయి. తూలడం, చూపు చెదరడం, మతి తప్పడం కలిసి వచ్చే ఈ జబ్బును 1881లోనే వెర్నికే అనే జర్మన్ వైద్యుడు రాసిపెట్టాడట.

బాగా పాలిష్ పట్టిన బియ్యంలో బీ1 తవుడుతోపాటే పోతుంది. ఒకప్పుడు మన సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఉండేదని, కారణం ఇదేనని ఆవిడే చెప్పింది. చుట్టూ రైసు మిల్లులున్న ఊళ్లో పుట్టి పెరిగాను, ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నాను.

ఆస్పత్రిలో తిండి సంగతి చూసే అమ్మాయి ఆయన చేతి గడియారం వైపు చూసింది. అది ముంజేతి మీదికి జారిపోతోంది. "కండ కరిగిపోయిందండీ. ఏం పెడుతున్నారు?" అంది. చెప్పాను. ఆ పిల్ల లెక్క వేసింది. ఒక క్వార్టర్‌లో 400 కేలరీల పైనే ఉంటాయి. రోజుకు రెండు ఆపితే 800 పోయాయి. వాటి బదులు నేనేం పెట్టానని? 58 కిలోల మనిషికి రోజూ 70 గ్రాముల మాంసకృత్తులు కావాలి, నా మజ్జిగన్నంలో అందులో మూడో వంతే ఉంది. కాలేయం చెడినవాళ్లకు రాత్రంతా ఖాళీ కడుపుంటే, నిల్వ చాలక ఒళ్లు తన కండనే తింటుందట.

సాయంత్రం ఆరున్నరకు ఆయనకు వచ్చే చిరాకు, చెమట, వణుకు మందు మీది యావే అనుకునేదాన్ని, ఆయనా అలాగే అనుకునేవారు. అందులో సగం ఆకలి. ఇన్నేళ్లూ ఆ వేళకు గ్లాసే పట్టుకున్న మనిషి ఆకలి ఎలా ఉంటుందో మర్చిపోయారు. ఇప్పుడు ఆరింటికే గుగ్గిళ్లు పెడతాను. మొదట మసాలా పల్లీలు వేయించాను. పళ్లెం చూడగానే ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు. వైన్స్ పక్కన నంజుకున్నవి అవే. అందుకని అలసందలు ఉడకబెడుతున్నాను. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం దంపుడు బియ్యం అన్నంలో ముద్దపప్పు, రెండు గుడ్లు. పడుకునే ముందు పాలు పోసి కాచిన రాగి జావ. థయామిన్ మాత్ర నా చేత్తోనే ఇస్తాను.

చూపు నాలుగైదు రోజుల్లో కుదుటపడింది. నడక సరిగ్గా రావడానికి నెలలు పట్టింది. చీకట్లో ఇప్పటికీ గోడ పట్టుకుంటారు. వరండాలో పడుకున్న రాత్రి మాత్రం ఆయనకు గుర్తులేదు. ఇది రాసే ముందు నేనే చెప్పాను, తలుపేసుకున్నానని కూడా. చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత "ఆ మూత్రం రంగు సంగతి తప్పకుండా రాయి, చాలామంది అక్కడే భయపడి ఆపేస్తారు" అన్నారు.