మా సారు గీసిన వృత్తము

మాకు ఇంటివద్ద లెక్కలు చెప్పిన సారు ఉద్యోగ విరమణ చేసి చాలా ఏళ్లయింది. 1984లో భారత ప్రభుత్వము పాఠశాలలలో క్లాస్ పథకమును ప్రారంభించిన తరువాత, వారు పనిచేసిన బడికి బి.బి.సి. మైక్రో అనే కంప్యూటరు వచ్చినదట. దానికోసం వారు వ్రాసుకొన్న ప్రోగ్రాము ఒకటి పాత నోటుపుస్తకములో ఉన్నది. వృత్తమును గీసే ప్రోగ్రాము. "ఇది మళ్లీ గీస్తుందా, బేటా?" అని ఒకనాడు అడిగారు. కాదనలేకపోయాము.

ఆ యంత్రము ఇప్పుడెక్కడ దొరుకుతుంది? కాని మా వద్ద అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై ఉన్నది. 1981 నాటి మైక్రో, 2012లో వచ్చిన ఈ పై, రెండూ ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పుట్టినవే. పాత యంత్రమువలె నటించే ప్రోగ్రామును ఎమ్యులేటరు అంటారు. దానిని ఈ పైలో ఎక్కించుట ఒక పూట పని అనుకొన్నాము. నాలుగు సాయంత్రాలు పట్టింది.

మొదట తెర నల్లగానే నిలిచిపోయింది. మేము పెద్దక్షరాలలో పేరు పెట్టిన ఫైలును ఎమ్యులేటరు చిన్నక్షరాలలో వెదకుచున్నది. లైనక్సుకు అవి రెండు వేర్వేరు పేర్లు! పిదప పని మధ్యలో యంత్రము తనంతట తానే ఆగి మళ్లీ మొదలయ్యేది. ప్రోగ్రామును రెండుమార్లు తీసివేసి తిరిగి ఎక్కించాము. తెర మూలన మెరుపు గుర్తు కనిపిస్తున్నా అలంకారమనుకొన్నాము, అంతటి తెలివి మాది. ఐదు వోల్టులు అందవలసిన చోట 4.63 కంటె తగ్గినపుడు వచ్చే హెచ్చరిక అది. దోషము మా పాత ఫోను చార్జరుది.

చార్జరు మార్చి సారును పిలుచుకొని వచ్చాము. ప్రోగ్రామును మేమే కొట్టాము. గుణకారపు నక్షత్రము కోసం షిఫ్టుతో ఎనిమిది నొక్కితే కుండలీకరణము పడుతున్నది. మళ్లీ ఏదో చెడినదని మాకు ముఖము చెల్లలేదు. సారు కుర్చీ ముందుకు జరుపుకొన్నారు. మీటలకేసి చూడకుండానే సెమీకోలనుకు కుడిప్రక్కనున్న మీటను షిఫ్టుతో నొక్కారు. నక్షత్రము పడింది! మైక్రోలో అది అక్కడే ఉండేదట. చెడినదేమీ లేదు.

వృత్తము చుక్క చుక్కగా సాగింది. వేగము పెంచబోతే సారు మా చేయి పట్టుకొన్నారు.

"ఉండనీ బేటా, అప్పుడూ ఇంతే నెమ్మది."