గద్వాల కోట పక్క వీధిలో మగ్గం గుంత

కిందటి డిసెంబర్లో ఆఫీస్ పని మీద ఇటలీ వెళ్లాను. ఒక ఆదివారం ఖాళీ దొరికితే రైలెక్కి నేపుల్స్ చేరాను. అక్కడ స్పక్కానపోలి అని ఓ వీధి ఉంది. పాత ఊరిని నిలువునా చీలుస్తుంది కాబట్టి ఆ పేరు. గ్రీకులు వేసిన దారి, దాని మీద రోమన్లు నడిచారు, ఇప్పుడు స్కూటర్లు నడుస్తున్నాయి. పక్క సందు నిండా క్రీస్తు పుట్టుక బొమ్మలు చేసేవాళ్ల దుకాణాలు. సందు చివరి చర్చిలో టికెట్ కొని మెట్లు దిగితే భూమి కింద రోమన్ల నాటి బజారు! రాతి కొట్లు వరుసగా ఉన్నాయి. ఫొటోలు తీస్తుంటే నాయిన ఫోన్.

"మగ్గం గుంత పూడిపిస్తున్నరా. సంక్రాంతికొచ్చి ఓసారి చూస్కో. మళ్ల చెప్పలేదనొద్దు."

సంక్రాంతికి వెళ్లాను. హైదరాబాద్ నుంచి వస్తే బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో కుడికి తిరగాలి. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న నేల కాబట్టి మా దిక్కును నడిగడ్డ అంటారు. ఊరి నడుమ సోమనాద్రి కట్టించిన కోట. పెద సోమభూపాలుడన్నా ఆయనే. లోపల చెన్నకేశవస్వామి గుడి, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు మీద డిగ్రీ కాలేజీ. పండితుల్ని ఆదరించిన సంస్థానం కాబట్టి విద్వద్గద్వాల అన్న పేరొచ్చింది. తిరుపతి వేంకటకవులు కూడా ఇక్కడికి వచ్చి అవధానం చేసిపోయారు. నేను చిన్నప్పుడు ఆ కోటలో క్రికెట్ ఆడాను, అంతే!

రాజుల కథ అందరూ చెప్తారు. మా వీధి కథ మాత్రం చీర. ఒళ్లంతా నూలు, అంచు, కొంగు పట్టు. నూలూ పట్టూ కలిసే చోట పోగును పోగుకు మెలేసి నేయాలి. రెండు అంచులకు రెండు నాడెలు, నడుమ ఒకటి, మొత్తం మూడు. కొంగు దగ్గరైతే పడుగు దారాలు ఒక్కొక్కటీ చేత్తో కలపాలి. తాతకు ఆ పని మొదలైతే ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు. తిరుమల బ్రహ్మోత్సవాలకు స్వామివారికి వెళ్లే జోడు పంచెలు కూడా గద్వాలలోనే నిష్ఠగా నేస్తారు. 2010లో చీరకు జీఐ గుర్తింపు వచ్చింది. అప్పటికి మా మగ్గం ఆగిపోయింది. తాత లేడు, నాయినకు మోకాళ్లు. నేనేమో కంప్యూటర్.

ముందు గదిలో గుంత అలాగే ఉంది. కాళ్లతో తొక్కే కట్టెలు ఎప్పుడో తీసేశారు. దిగి కూచున్నాను. నేను తాత కంటే పొడుగు, మోకాళ్లు గోడకు తగిలాయి. తాత పాదాలు ఆనిన చోట మట్టి ఇంకా నున్నగా ఉంది. అక్కడి నుంచి చూస్తే వీధిలో పోయేవాళ్ల కాళ్లు మాత్రమే కనపడతాయి. తాతకు జీవితమంతా కనపడింది అదేనేమో.

"పూడ్చొద్దు నాయినా. పైన చెక్క వేద్దాం."

"అద్దెకొచ్చేటోడు చెక్క మీద నిలబడి సెల్‌ఫోన్లు అమ్ముతడా? షటర్ పెడితే నెల నెలా పైసలొస్తయి."

నేపుల్స్‌లో నేల కింద కొట్లు చూడటానికి టికెట్ కొన్నానని చెప్పాను. నాయిన నవ్వాడు.

"మన గుంతకు టికెట్ పెట్టు, నువ్వే గేటు కాడ కూచో."

దానికి నా దగ్గర జవాబు లేదు. నెల నెలా నేను ఇంటికి పంపేది ఎంతో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. చివరికి షటర్ అద్దె ఎంత వస్తుందో అడిగి, అంతా నేనే పంపుతానన్నాను. నాయిన వెంటనే ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. అవ్వ మాత్రం లోపలికెళ్లి తాత నాడె తెచ్చి నా చేతిలో పెట్టింది. మేస్త్రీకి ఉగాది దాకా ఆగమని ఫోన్ చేశాం. ఇసుక ట్రాక్టర్ అప్పటికే వాకిట్లో దింపేసి పోయింది.