కారు మొరాయిస్తే... ఆయనకో ఉత్తరం!

కారులో పాటలు రాకపోతే ఏం చేస్తాం? షోరూముకి ఫోన్ చేస్తాం. కొందరు మాత్రం స్వీడన్‌లో ఉండే డేనియల్ స్టెన్‌బర్గ్‌కి ఈమెయిల్ రాస్తారు. పాపం, ఆయనకి కార్ల వ్యాపారమూ లేదు, మెకానిక్ పనీ రాదు. మరి ఆయనకే ఎందుకంటారా?

అది తెలియాలంటే 1996కి వెళ్లాలి. అప్పటికి డేనియల్‌కి పాతికేళ్లు. ఇంటర్నెట్‌లో కబుర్లు చెప్పుకునే మిత్రుల కోసం, ఏ దేశం డబ్బు ఎంతకు మారుతుందో అడగ్గానే చెప్పే చిన్న ప్రోగ్రామ్ పెట్టాలనుకున్నాడు. రేట్లేమో రోజూ మారతాయి. ప్రతిరోజూ వెబ్‌సైట్ తెరిచి ఎవరు ఎక్కిస్తారు? వాటంతటవే వచ్చి పడాలి. వెతగ్గా బ్రెజిల్‌కి చెందిన రఫేల్ సాగులా రాసిన బుల్లి సాధనం దొరికింది. దానికే మెరుగులు దిద్దుకుంటూ పోయాడు. 1998 మార్చి నుంచి దాని పేరు 'కర్ల్'.

బొమ్మలూ బటన్లూ ఏమీ ఉండవు దీంట్లో. తెరమీద కర్ల్ అని కొట్టి, పక్కనే వెబ్ చిరునామా రాసి ఎంటర్ నొక్కడమే. అక్కడున్నది అక్షరాలుగా ముందు వాలుతుంది. ఇచ్చింది ఏపీఐ చిరునామా అయితే ఇంకా సుఖం. హోటల్లో కూర్చోకుండా కౌంటర్ దగ్గరే పార్సిల్ కట్టించుకున్నట్టు, హంగులేమీ లేకుండా కావాల్సిన సమాచారం మాత్రమే చేతికొస్తుంది. ఉష్ణోగ్రత అడిగితే ఉష్ణోగ్రతే! పైగా మనిషి కూర్చోనక్కర్లేదు. ఏ అర్ధరాత్రో యంత్రమే అడిగి తెచ్చుకుంటుంది. అందుకే ఫోన్లలో, టీవీల్లో, కార్లలో అది చేరిపోయింది.

వాడుకున్నందుకు ఎవరూ పైసా ఇవ్వక్కర్లేదు. రచయిత పేరున్న హక్కుల ప్రకటనని మాత్రం తీసేయకూడదు. చిక్కంతా అక్కడే. అందులో డేనియల్ ఈమెయిల్ చిరునామా కూడా ఉంది! కారు తెరమీద మెనూలన్నీ తిరగేసి విసిగిపోయినవాళ్లకి అక్కడ కనిపించే మనిషి ఆయనొక్కడే మరి.

ఏళ్ల తరబడి ఉద్యోగం చేసుకుంటూ, తీరిక వేళల్లో దీన్ని సాకాడాయన. ఇదే పూర్తికాలపు కొలువుగా మారింది 2019లోనే. 2017 అయితే విచిత్రమైన ఏడాది. జూన్‌లో అమెరికా వెళ్లాలని విమానాశ్రయానికి వెళ్తే, ప్రయాణానికి అనుమతి లేదన్నారు. కారణం చెప్పలేదు. అక్టోబరులో స్వీడన్ రాజు చేతుల మీదుగా పోల్హెమ్ బంగారు పతకం అందింది. అమెరికా వీసా మాత్రం 2020 చివరికి గానీ రాలేదు. ఆ మరుసటి ఏడాదే అంగారకుడి మీద నాసా హెలికాప్టర్ ఎగిరింది. దానికి ఉపకరించిన సాఫ్ట్‌వేర్ల జాబితాలో కర్ల్ కూడా ఉంది.

అదే 2021 ఫిబ్రవరిలో, ముక్కూ మొహం తెలియని వ్యక్తి ఒకరు చంపేస్తానంటూ ఆయనకి రాశాడు. తనకు జరిగిన నష్టానికి డేనియలే కారణమని అతడి కోపం. కొన్ని నెలలకి అతడే క్షమించమని మళ్లీ రాశాడు.