ఒక చుట్టు తక్కువ

మెషిన్ డిజైన్ ఇంటర్నల్స్‌లో స్ప్రింగుల మీద పది మార్కుల ప్రశ్న వచ్చింది. నాకు తొమ్మిది వేశారు. ఆ సెలవుల్లోనే ఇంటికెళ్లి, అదే స్ప్రింగుతో సున్నా మార్కుల పని చేశాను.

మా ఇంట్లో 1986 మోడల్ ప్రీమియర్ పద్మిని ఉంది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. తాతయ్య కొన్న కారు. ఆయన పోయి మూడేళ్లయింది. నాన్న బైకు వదలరు. నానమ్మ మాత్రం శనివారం గుడికి ఆ కారులోనే వెళ్తానంటుంది. కాబట్టి సెలవుల్లో డ్రైవర్ని నేనే.

రీల్స్ చూసీ చూసీ నాకు ఒక పిచ్చి పట్టింది. కారు ముందు భాగం నేలకి దగ్గరగా కూర్చోవాలి. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య అరచెయ్యి దూరితే అది తాతల కారు, రెండు వేళ్లే దూరితే అది క్లాసిక్! అంబాసిడర్ అయితే ముందు టార్షన్ బార్ ఉంటుంది, దాన్ని తిప్పి ఎత్తు సర్దుకోవచ్చు. పద్మినికి వెనక కమాను కట్టలు, ముందు కాయిల్ స్ప్రింగులు. దించాలంటే పొట్టి స్ప్రింగులు వెయ్యాలి, లేదా ఉన్నవి కొయ్యాలి. కొత్తవాటికి డబ్బుల్లేవు. కొయ్యడానికి ధైర్యం ఉంది.

మేస్త్రీ విప్పేముందు టేపుతో కొలిచాడు. "బాబూ, డ్రైవరు వైపు పది మిల్లీమీటర్లు కుంగింది. ఎవరో చాలా ఏళ్లు ఒంటరిగా నడిపారు" అన్నాడు. నేను ఫోన్లో రాసుకున్నానే గానీ పట్టించుకోలేదు. గ్యాస్ మంటతో కాల్చి కుంగదీద్దామంటే మాత్రం వద్దన్నాను. స్ప్రింగు స్టీలుకి టెంపర్ పోతుందని తెలుసు. గ్రైండింగ్ వీల్‌తో రెండు వైపులా ఒక్కో చుట్టు కోయించాను. నా తెలివి అక్కడితో సరి.

ఒక అంగుళం దిగుతుందనుకుంటే దాదాపు రెండంగుళాలు దిగింది. స్ప్రింగు చక్రం మీద ఉండదు, లోపల కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది. ఆర్మ్ కొస దగ్గర చక్రం కదిలేది ఎక్కువ, మధ్యలో స్ప్రింగు కదిలేది తక్కువ. స్ప్రింగులో అంగుళం తీసేస్తే బయట ఇంకా ఎక్కువే దిగుతుంది. లివర్ లెక్క ఇది, తొమ్మిదో తరగతి పిల్లాడైనా చెప్తాడు.

అయినా ఫొటోలు అదిరిపోయాయి. స్టేటస్‌కి గుండెలే గుండెలు.

శనివారం నానమ్మని ఎక్కించుకున్నాను. "ఏంట్రా, గోతిలోకి దిగినట్టుంది" అంది మోకాళ్లు పట్టుకుని. గుడి దగ్గర స్పీడ్ బ్రేకర్ నాకు తెలిసిందే, వేగం కూడా తగ్గించాను. అయినా ధనామని సుత్తితో కొట్టినట్టు చప్పుడు. నానమ్మ తల డోరు ఫ్రేముకి తగిలింది. "ఏం కాలేదులే నాయనా" అంటూ చీర కొంగుతో కణత నొక్కుకుంది. తిరిగొచ్చేటప్పుడు ఆటో ఎక్కుదామంది. తాతయ్య కారు ఉండగా ఆవిడ ఆటో అనడం అదే మొదటిసారి.

ఆ రాత్రి పాత నోట్సు తీశాను. కాయిల్ స్ప్రింగంటే చుట్ట చుట్టిన టార్షన్ బారే. బరువు పడితే ఆ తీగ మెలి తిరుగుతుంది. పొడుగు తీగ సులువుగా మెలి తిరుగుతుంది, పొట్టి తీగ మొండికేస్తుంది. ఎనిమిది చుట్లలో ఒకటి కోస్తే ఏడు మిగుల్తాయి, గట్టిదనం ఎనిమిది బై ఏడు, అంటే 14 శాతం పెరుగుతుంది. కానీ చక్రం పైకి రావడానికి మిగిలిన చోటు? ఇదివరకు ఆర్మ్‌కీ రబ్బరు బంప్ స్టాప్‌కీ మధ్య నాలుగు వేళ్లు పట్టేవి, ఇప్పుడు ఒకటే పడుతోంది. చోటు పావు వంతుకి తగ్గింది, గట్టిదనం మాత్రం ఏడో వంతే పెరిగింది. ఆ తేడా అంతా నానమ్మ కణతకి తగిలింది. ఈ సూత్రం కాగితం మీద రాసే నేను తొమ్మిది మార్కులు కొట్టింది.

నాన్నకి చెప్పేశాను. తిట్టలేదు. "సరే, ఎలాంటివి కావాలో లెక్క తేల్చు, చేయిద్దాం" అన్నారు.

స్ప్రింగు ఎంచుకోవడమంటే ఎత్తు ఎంచుకోవడం కాదని అప్పుడు అర్థమైంది. ముందు బరువు తెలియాలి. లారీల కాటా మీదకి ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం తీయించాం. తరవాత చక్రానికి ఎంత చోటు మిగలాలో చూడాలి. ఆ చోటులో గుంత దెబ్బని ఆపేంత గట్టిదనం చివరికి తేలుతుంది. తీగ మందంతో ఆటలొద్దు, గట్టిదనం దాని నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల తీగ బదులు 13 వేస్తే దాదాపు 38 శాతం ఎక్కువ. గట్టిదనం పెరిగితే షాక్ అబ్జార్బర్లు కూడా దానికి తగ్గవి పడాలి, లేకపోతే గుంత దాటాక కూడా కారు ఊగుతూనే ఉంటుంది. దించినా లేపినా వీల్ అలైన్‌మెంట్ తప్పదు.

విజయవాడ ఆటోనగర్‌లో స్ప్రింగులు చుట్టే ఆయన తీగ మందం, లోపలి వ్యాసం, చుట్లు, కొసలు ఎలా ఉండాలో అన్నీ రాసుకున్నాడు. చివరికి అడిగాడు: "బండి బరువు మీద ఎంత ఎత్తులో నిలబడాలి?"

ఫోన్ తీశాను. కొయ్యకముందు రాసుకున్న కొలతలు అందులోనే ఉన్నాయి. ఎడమ వైపు ఒకటి, కుడి వైపు దానికన్నా పది మిల్లీమీటర్లు తక్కువ. ఆ పది ఎలా వచ్చాయో అప్పుడు తట్టింది. తాతయ్య ఒక్కరే ఆ సీట్లో కూర్చుని ఇన్నేళ్లలో దించిన ఎత్తు అది. దాన్ని నేను ఐదు నిమిషాల్లో కోయించేశాను.

"రెండు వైపులా కుడి వైపు కొలతే వెయ్యండి" అన్నాను.

పక్కన నిలబడ్డ నాన్న నా ఫోన్లోకి చూశారు. ఏమీ అనలేదు, అడ్వాన్సు తీసి ఇచ్చారు.

ఇప్పుడు టైరు మీద మూడు వేళ్లు దూరుతాయి. ఫొటోలో ఎవరికీ తేడా తెలీదు. కోసిన చుట్టు ఒకటి హాస్టల్లో నా టేబుల్ మీద ఉంది, ఎగిరిపోకుండా కాగితాల మీద పెడుతున్నాను. పోయిన శనివారం నానమ్మ ఫోన్ చేసింది. "సెలవులెప్పుడ్రా? గుడికి ఆటోలో వెళ్లలేకపోతున్నా" అంది.