నీళ్ళకింద నాలుగురోజులు

యుద్ధం పద్దెనిమిదోనాడు దుర్యోధనుడు ద్వైపాయన హ్రదంలో దూరి, జలస్తంభన విద్యతో నీళ్ళకింద పడుకున్నాడని ఇరవైయేళ్ళుగా క్లాసులో చెబుతూ వస్తున్నాను. ఏటా ఒక కుర్రవాడైనా లేచి, "మరి ఊపిరి ఎట్లా సార్?" అని అడక్క మానడు. "విద్య అన్నాక ఆ మాత్రం వుండదా?" అని నేను పద్యంలోకి జారుకుంటాను. దుర్యోధనుడి సంగతి నాకిప్పటికీ తెలియదు గాని, నామటుకు నేను 18 మీటర్ల లోతుదాకా దిగి రావచ్చునని ఒక కార్డు పుచ్చుకున్నాను. ఆ విద్య పేరు స్కూబా. అండమాన్ దీవులలో, సెలవుల్లో, నలభయ్యారేళ్ళ వయస్సులో నేర్చుకున్నాను.

ఆలోచన నాది కాదు, మా ఆవిడది. ఆవిడ పుట్టింది గోదావరి గట్టున. నడకా ఈతా ఒకేసారి వచ్చాయంటుంది. నేను పుట్టింది అనంతపురం జిల్లాలో. అక్కడ మునగాలంటే ముందు నీళ్ళుండాలి గదా! పెళ్ళయి ఇరవైయేళ్ళు నిండిన సందర్భంలో, "నగలొద్దు, పట్టుచీర వద్దు" అని ఆవిడ మొదలు పెట్టగానే నాకు పరమానందం కలిగింది. వాక్యం పూర్తయ్యాక ఆ ఆనందం నిలవలేదు.

మద్రాసుదాకా రైలు, అక్కడినుంచి విమానం. 2024లో పోర్టుబ్లెయిరుకు శ్రీవిజయపురమని పేరు మార్చారు. ఆ ఊరి బజారులో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. అక్కడినుంచి పడవమీద సుమారు రెండు గంటలు పోతే స్వరాజ్ ద్వీప్. 2018 దాకా దాన్ని హేవ్‌లాక్ అనేవారు. దేశవిభజన తర్వాత తూర్పు బెంగాలునుంచి వచ్చిన కాందిశీకులకు ఇక్కడ భూములిచ్చి కాపురాలు పెట్టించారు. అందుకే బడ్డీకొట్టులో టీ అడిగినా జవాబు బెంగాలీలో వస్తుంది. సముద్రతీరాలకు మాత్రం ఎవరో బద్ధకస్తుడు పేర్లు పెట్టినట్టున్నాడు—మూడో నంబరు, అయిదో నంబరు, ఏడో నంబరు.

ఈ విద్యకు పరీక్షలు పెట్టే సంస్థలు ప్రపంచంలో చాలా వున్నాయి. మాకు దొరికింది 1966లో అమెరికాలో పుట్టిన పాడీ. ఆ పేరు వినగానే నాకు గేదెలు గుర్తొచ్చాయి. మా ఆవిడకు ఇంగ్లీషు వడ్లు గుర్తొచ్చాయి. పాడీ పంటా కలిసివచ్చాయి గనక శుభశకునమే అనుకున్నాం.

మా గురువుకు ఇరవయ్యారేళ్ళు. తాతగారు శ్రీకాకుళం వైపునుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. నన్ను "సార్" అంటాడు గాని, పాఠం మొదలయ్యాక నా సారుతనం ఒడ్డున చెప్పులతోపాటు వుండిపోయింది. మొదట ఆరోగ్యాన్ని గురించి ఒక పెద్ద కాగితం. ఆస్త్మా వుందా, గుండెజబ్బు వుందా, చెవిపోటు వస్తుందా అని సవాలక్ష ప్రశ్నలు. ఏ ఒక్కదానికి తేడా జవాబిచ్చినా డాక్టరు సంతకం కావాలి. తర్వాత 200 మీటర్ల ఈత, పదినిమిషాలు తేలడం. రెండేళ్ళకిందట మావూరి ఈతకొలనులో నేర్చిన ఈత నాది—తల పైకెత్తుకుని ఈదే రకం. వేగం చూడరు, పూర్తి చేస్తే చాలునన్నారు. చేశాను. మా ఆవిడ అవతలిగట్టున కూర్చుని జడ పిండుకుంటూ నాకోసం చూస్తోంది.

వీపుమీద కట్టుకునేది ఆక్సిజన్ సిలిండరని మావాళ్ళందరి నమ్మకం. కాదు, అందులో వున్నది మనం పీల్చే మామూలు గాలే. దాన్ని సుమారు 200 రెట్లు అదిమి నింపుతారు. ఆ గాలిని మన నోటికి అందించే కీలులోనే వుంది గారడీ అంతా. 1943లో ఫ్రాన్సులో కూస్తో అనే నౌకాదళ అధికారి, గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి దాన్ని తయారు చేశారు. యుద్ధంలో పెట్రోలు దొరక్క, కార్లను గాసుతో నడపడానికి గాన్యాన్ ఒక కవాటం తయారు చేసుకున్నాడు. దాన్నే కూస్తో నీళ్ళలోకి దింపించాడు. మనం పీలిస్తేనే గాలి వస్తుంది, లేకపోతే ఆగుతుంది. వచ్చే గాలి, చుట్టూ నీళ్ళు ఎంత నొక్కుతున్నాయో సరిగ్గా అంతే ఒత్తిడితో వస్తుంది.

ఇక్కడ మా ఆవిడ కల్పించుకుంది. ఆవిడ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతుంది. పది మీటర్లు దిగితే ఒత్తిడి రెండింతలవుతుంది, ఒడ్డున వూదిన బెలూను అక్కడ సగమవుతుంది, 1662లోనే బాయిల్ చెప్పాడు అంది. గురువు సంతోషించి, "మరి అక్కడ గుండెనిండా గాలి పీల్చి, బిగబట్టి పైకి వస్తే?" అన్నాడు. ఆ గాలి రెండింతలయి వూపిరితిత్తుల్ని చీల్చేస్తుంది. అందుచేత మొదటి సూత్రం, చివరి సూత్రం కూడా ఒకటే—ఊపిరి బిగబట్టరాదు. ప్రాణాయామం చేసేవారికి పూరకం, కుంభకం, రేచకం తెలుసు గదా! ఇక్కడ కుంభకం నిషిద్ధం.

మాటలకు బదులు చేతిసైగలు. బొటనవేలూ చూపుడువేలూ కలిపితే—మన చిన్ముద్రే—అంతా క్షేమం అని అర్థం. పిడికిలి బిగించి బొటనవేలు పైకెత్తితే "భేష్" అని కాదు, "పైకి పోదాం" అని. గొంతుమీద చెయ్యి అడ్డంగా ఆడిస్తే గాలి అయిపోయిందని. ప్రతివారికీ ఒక జతగాడుంటాడు. వాణ్ణి వదిలి పోకూడదు. నాకు జత మా ఆవిడే. ఇరవైయేళ్ళలో "ఏమండీ" అని పిలవడానికి వీల్లేని చోటికి మేమిద్దరం వెళ్ళడం అదే ప్రథమం.

ఇంతవరకూ నవ్వులాటగానే జరిగింది. చిక్కు మాస్క్ దగ్గర వచ్చింది.

కళ్ళనూ ముక్కునూ కప్పే ఆ అద్దంలోకి నీళ్ళు నింపుకోవాలి. తర్వాత పైఅంచు అదిమిపట్టి, తల ఎత్తి, ముక్కుతో గాలి వదిలితే నీళ్ళు కిందినుంచి పోతాయి. పూర్తిగా తీసేసి, ఒక నిమిషం నోటితోనే గాలి పీలుస్తూ వుండడం కూడా పాఠంలో భాగమే. ఛాతీలోతు నీళ్ళలో మోకాళ్ళమీద కూర్చుని చెయ్యాలి. ముక్కుకు నీళ్ళు తగలగానే నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ లేచాను. అయిదుసార్లు. గురువు విసుక్కోలేదు. "రేపు చూద్దాం సార్" అన్నాడు. అది రాకపోతే లోతుకు తీసుకుపోరు.

ఆ రాత్రి మా ఆవిడకు ఒక విషయం చెప్పాను. ఇరవైయేళ్ళలో ఎన్నడూ చెప్పనిది. నాకు పదకొండేళ్ళప్పుడు మా వూరి దిగుడుబావిలో పిల్లలం ఈత నేర్చుకునేవాళ్ళం, నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకుని. నా జతగాడు ఒకనాడు, నాకు ఈత వచ్చేసిందని, బుర్రలు విప్పేసి దూకాడు. నేను మెట్లమీద వున్నాను. పెద్దవాళ్ళకోసం కేకలు పెట్టాను. వాళ్ళు వచ్చేలోగా నాకు కనిపించినవి బుడగలే. కాసేపటికి అవీ ఆగిపోయాయి. ఆ తర్వాత నేను చెంబుతో నీళ్ళు పోసుకునేటప్పుడు సైతం మొహం పక్కకు తిప్పుకుంటాను. ఆవిడ ఇన్నాళ్ళూ అది నా చాదస్తమనుకుంది.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "ఇంటికి పోదామా?" అని మాత్రం అడిగింది. అక్కర్లేదన్నాను. ఎందుకన్నానో చెప్పలేను. పోదామని నేనంటే ఆవిడ మారుమాట లేకుండా పెట్టె సర్దేదని మాత్రం తెలుసు.

మర్నాడు ఆవిడ నా ఎదురుగా మోకాళ్ళమీద కూర్చుంది. గురువు పక్కన వున్నాడు. మాస్క్ తీశాను. కళ్ళు మూసుకున్నాను. చీకటి, ముక్కుకు ఉప్పునీరు, గుండె దబదబ. నోట్లో మాత్రం గాలి ఆడుతోంది—కొలిమితిత్తిలాగ బుస్సుమని లోపలికి, బుడబుడమని బయటికి. నా చప్పుడు వెనక ఇంకొక బుడబుడ వినిపించింది. నీళ్ళలో చప్పుడు గాలిలోకంటె నాలుగు రెట్లు వేగంగా పోతుంది గనక ఏ దిక్కునుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. ఎటునుంచి వస్తేనేం, ఆవిడ బుడగలు ఆగడం లేదు. నేను వాటిని లెక్కపెడుతూ కూర్చున్నాను. మాస్క్ ఎప్పుడు పెట్టుకున్నానో, నీళ్ళెప్పుడు వదిలించానో సరిగ్గా గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఒక చిన్ముద్ర కనిపించింది.

తర్వాతిదంతా సులువుగా గడిచింది. యాభై ప్రశ్నల పరీక్షలో మా ఆవిడకు యాభై, నాకు నలభైమూడు. నూటికి డెబ్బయ్యయిదు వస్తే పాసు.

సముద్రంలో నాలుగుసార్లు దిగాం. మీటరు మీటరుకూ ముక్కు మూసి వూదుతూ వుంటే చెవులు టిక్కుమని సర్దుకుంటాయి. కింద వస్తువులు వున్నవాటికంటె పెద్దవిగా, దగ్గరగా కనిపిస్తాయి. పట్టుకోబోతే చెయ్యి అందదు. అన్నిటికంటె ముందు మాయమయ్యే రంగు ఎరుపు. వచ్చేముందు పెట్టుకున్న మా ఆవిడ గోరింటాకు పదిహేడు మీటర్ల దగ్గర నల్లగా బొగ్గు పూసినట్టుంది. గురువు లైటు వేశాడు; ఒక్క క్షణంలో చెయ్యి మళ్ళీ పండింది.

నీటిపువ్వులాంటి ఒక జీవి వేళ్ళమధ్య నారింజరంగు చారలచేపలు కాపురముంటాయి. ఆ జీవి ముట్టుకున్నవాటినల్లా కుడుతుంది, వీటిని కుట్టదు. ఆ కుటుంబంలో పెద్ద ఆడది. అది చనిపోతే మగచేపల్లో పెద్దది ఆడదిగా మారి సంసారం నడుపుతుంది. ఈ సంగతి విన్నప్పటినుంచీ మా ఆవిడ ఆ చేపల పక్షం. అన్నీ ఇంత కళగా లేవు. పగడపు దిబ్బలు చాలాచోట్ల బూడిదరంగుకు తిరిగి, విరిగిన కుండపెంకుల్లాగ పడివున్నాయి. 2010లో సముద్రం వేడెక్కి చాలా పగడాలు పాలిపోయాయి, 2016లో మళ్ళీ. చచ్చిన దిబ్బమీద అక్కడక్కడ వేలెడంత కొత్త కొమ్మలు లేస్తున్నాయి. గురువు వాటిని వేలితో చూపించాడు, ముట్టుకోలేదు.

ఆఖరిసారి దిగినప్పుడు మా ఆవిడ నావైపు తిరిగి గొంతుమీద చెయ్యి ఆడించింది. అభ్యాసమే, ముందే చెప్పివున్నారు. అయినా ఒళ్ళు జలదరించింది. నా ఛాతీదగ్గర వున్న పసుపుపచ్చ గొట్టం తీసి అందించాను. ఆవిడ నోట పెట్టుకుని పీల్చింది. ఒకరి ముంజెయ్యి ఒకరం పట్టుకుని, ఒకే సిలిండరు గాలితో మెల్లగా పైకి లేచాం. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి, ఒంట్లో చేరిన నైట్రోజన్ పోవడానికి. ఆ మూడు నిమిషాలూ ఆవిడ బుడగలూ నావీ కలిసే పైకి పోయాయి.

నీళ్ళలోంచి వచ్చాక కనీసం పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదు. ఆ సాయంత్రం అయిదో నంబరు తీరాన కొబ్బరిచెట్టు కింద కూర్చుని లాగ్‌బుక్కులు నింపుకున్నాం. లోతు, సమయం, ఎంత గాలితో దిగాం, ఎంత మిగిలింది. ఆవిడ నా పుస్తకంలోకి తొంగిచూసి, "నాకంటే మీరే ఎక్కువ గాలి పీల్చారండీ" అంది. కొత్తవాళ్ళు అంతేనని గురువు నన్ను వెనకేసుకు వచ్చాడు. ఆవిడ ఆ మాట పట్టించుకోకుండా, దీని పైకోర్సుకు ఎంతలోతుదాకా పోనిస్తారని అతన్నే అడిగింది.

"ముప్ఫయి మీటర్లమ్మా" అన్నాడతను.

నేను విననట్టు పెన్ను మూత వెతుక్కుంటున్నాను.